ఇషీ నేర్పిన విల్లు

విల్లు పేరు వినని తెలుగు పల్లె లేదు. శ్రీరామనవమి పందిళ్లలో శివధనుర్భంగము చెప్పని పురాణికుడు లేడు. గాండీవ మెవ్వరిదో అక్షరము రాని వృద్ధులు కూడ చెప్పుదురు. అయినను ఇందొక వింత కలదు. వింటిని విరిచినవాని పేరును, ఎక్కుపెట్టినవాని పేరును, కడకు వింటి పేరును సయితము కావ్యములలో నిలిచినవి గాని, వింటిని చెక్కిన మనుష్యుని పేరు నిలువలేదు. దేవతల విండ్లను విశ్వకర్మ నిర్మించెనని రామాయణము చెప్పును. మనుష్యుల విండ్లను చెక్కినవారిని గూర్చి మాటాడినవారు మిక్కిలి తక్కువ. అగ్నిపురాణమందలి ధనుర్వేద భాగము లోహము, కొమ్ము, కఱ్ఱ అను మూడు ద్రవ్యములను పేర్కొనును; కాని కత్తి పట్టి చెట్టు దగ్గర నిలిచినవానికి ఆ మాట యొక్కటియే చాలదు.

గోదావరి తీరపు కొండలలో కోయలకును, కొండరెడ్లకును వెదురుతో విల్లు చేసికొనుట తరతరముల పని. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పోరాటమున ఆ కొండల విండ్లు తుపాకుల కెదురు నిలిచినవి. ఆ పని తండ్రి చేతినుండి కొడుకు చేతికి పోయినది. చూచి నేర్చినదే గాని చదివి నేర్చినది కాదు. చేతినుండి చేతికి పోవు విద్యకు ఎల్లప్పుడును ఒక భయ ముండును. పుచ్చుకొను చేయి లేని నాడు అది యిచ్చు చేతితోనే పోవును. అట్లు పోనున్న వింటి విద్య యొకటి, కన్నకొడుకు చేతికి గాక, పరజాతివాడైన యొక వైద్యుని చేతికి చిక్కి మిగిలిన వృత్తాంతము అమెరికా దేశమున జరిగినది. ఒక మనిషి కఱ్ఱను తీసి విల్లుగా మార్చుటలో ఎన్ని మెట్లున్నవో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకుట అరుదు.

కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తర భాగమున, లాసెన్ శిఖరమునకు నైరృతి దిక్కున, మిల్ క్రీక్, డీర్ క్రీక్ అనెడు కొండయేరులు రెండు కలవు. వాని లోయలలో యాహీ అను చిన్న తెగ నివసించెడిది. ఓక్ చెట్టు కాయల పిండి, ఏటి కెదురెక్కు సాల్మన్ చేప, లేడి మాంసము వారి యాహారము. 1848లో ఆ దేశమున బంగారము బయటపడెను. మరుసటి యేటినుండి జనము వెల్లువగా వచ్చి పడిరి. వేటభూములు వలసవారి పాలయ్యెను. ఆకలిగొన్న యాహీలు వలసవారి పశువులను పట్టిరి. వలసవారు తుపాకులు పట్టి గూడెములపై బడిరి. 1865లో మిల్ క్రీక్ ఒడ్డున నిదురించుచున్న గూడెముపై తెల్లవారుజామున జరిగిన కాల్పులు అట్టి వానిలో నొకటి. ఇరువది సంవత్సరములు తిరుగకుండ ఆ తెగ దాదాపు రూపుమాసెను. మిగిలిన కొలదిమంది లోయల పొదలలో దాగి, అడుగుజాడ పడకుండ రాతినుండి రాతికి దాటుచు, పొగ పైకి లేవకుండ చిన్న మంటలు పెట్టుకొనుచు సుమారు 40 ఏండ్లు బ్రదికిరి. ఇట్టి బ్రదుకునకు విల్లే తగిన యాయుధము. తుపాకి ప్రేలిన కొండలన్నియు మారుపలుకును. వింటి నారి మ్రోత ప్రక్క చెట్టు దాటి పోదు.

1908లో కాలువపని నిమిత్తము కొలతలు తీయువారు కొందరు ఆ లోయలోనికి దిగి, నలుగురే మిగిలిన ఆ కుదురును కనుగొనిరి. ఒక వృద్ధుడును, ఒక స్త్రీయును పరుగెత్తి పోయిరి. వారు మరల కనబడలేదు. కదలలేని ముసలితల్లి కంబళ్ల క్రింద పండుకొని యుండెను. వచ్చినవారు ఆమె నేమియు చేయలేదు గాని విండ్లను, బాణములను, బుట్టలను, తోళ్లను జ్ఞాపకార్థమని యెత్తుకొని పోయిరి. వారికవి వింతవస్తువులు. ఆ యింటివారికి అవి చలికాలపు తిండియు బట్టయు. తల్లి కొలదికాలములోనే మరణించెను. ఆమె కొడుకు మూడేండ్లకు దగ్గరగా ఒంటరిగా తిరిగి, 1911 ఆగస్టు 29వ తేదీన ఓరోవిల్ అను పట్టణపు చెంతనున్న పశువధశాల దొడ్డిలో, ఆకలితో సొమ్మసిల్లిన స్థితిలో జనుల కంటబడెను. అప్పటికి అతని వయస్సు 50 సంవత్సరములుగా అంచనా వేసిరి.

అతని భాష ఎవరికిని తెలియలేదు. పట్టణపు అధికారి అతనిని జనుల గుంపునుండి కాపాడుటకై చెరసాల గదిలో నుంచెను. శాన్‌ఫ్రాన్సిస్కోనుండి వాటర్‌మన్ అను మానవశాస్త్ర పండితుడు, యాహీలకు దాయాదులైన యానా తెగవారి మాటల పట్టికను వెంటబెట్టుకొని వచ్చి, ఒక్కొక్క మాటయే చదువ నారంభించెను. ఎన్ని చదివినను ఎదుటివాని ముఖమున కదలిక లేదు. తుదకు ‘సివినీ’ అని పలికి, కూర్చున్న మంచపు కోడును వ్రేలితో తట్టెను. ఆ మాటకు పైన్ చెట్టు కఱ్ఱ యని యర్థము. మంచము ఆ కఱ్ఱతోనే చేయబడినది. వెంటనే అతని ముఖము వికసించెను. ‘సివినీ, సివినీ’ యనుచు ఇద్దరును ఆ కఱ్ఱను తట్టిరట. అతనికిని కొత్త లోకమునకును కుదిరిన మొదటి మాట కఱ్ఱ పేరగుట గమనింపదగినది.

తన పేరు తాను చెప్పుట యాహీలలో మర్యాద కాదు. చెప్పుటకు వేరొక యాహీ మిగులలేదు. అందుచేత క్రోబర్ అను ఆచార్యుడు అతనిని ‘ఇషీ’ అని పిలిచెను. యానా భాషలో దానికి ‘మనిషి’ అని యర్థము. విశ్వవిద్యాలయపు మానవశాస్త్ర ప్రదర్శనశాలలో అతనికి నివాసము, కొంత పని, నెలకు జీతము ఏర్పరచిరి. ఆదివారములందు జనులు వచ్చి అతడు రాతిమొనలు చేయుట, నిప్పు పుట్టించుట చూచెడివారు. మనిషిని ప్రదర్శనశాలలో నుంచుట నేటి దృష్టికి కష్టము కలిగించును. కాని, ఆ లోయకు తిరిగి పంపుదుమని అడిగినపుడు అతడే వలదనెను. అక్కడ అతనికి మిగిలినవారెవ్వరు?

ప్రదర్శనశాల ప్రక్కనే వైద్యకళాశాల యుండెను. అందు శస్త్రవైద్యము బోధించు డాక్టర్ సాక్స్‌టన్ పోప్‌నకు 1912లో ఇషీతో పరిచయ మేర్పడెను. పోప్ అప్పటికి 37 ఏండ్లవాడు. ఇషీ అతనిని ‘కువీ’ యని, అనగా వైద్యుడని, పిలిచెను. అయితే ఇషీకి పోప్ చేయు శస్త్రచికిత్సలపై గౌరవము అంతంతమాత్రమే. చేతిలోని నాణెమును మాయము చేయు గారడి పోప్‌నకు వచ్చును. అది చూచిన తరువాతనే ఇతడు నిజమైన వైద్యుడని ఇషీ యొప్పుకొనెనట! వారిరువురి మైత్రి వింటితో గట్టిపడెను. పోప్ యాహీ మాటలు కొన్ని నేర్చి, ఇషీ ప్రక్కన కూర్చుండి, వింటి పని మొదటినుండి చూచి, తానును చేయి పెట్టి నేర్చుకొనెను. చూచినదంతయు వ్రాసికొనెను.

విల్లు వంగిన కఱ్ఱయే కదా యని తోచవచ్చును. మొదటిసారి చేయబూనినవారు సాధారణముగా ఆ భ్రమతోనే కఱ్ఱను విరుచుకొందురు. నారిని లాగినపుడు వింటి వెలుపలి ముఖము, అనగా లక్ష్యమువైపు తిరిగిన వీపు, సాగవలెను. విలుకానివైపు తిరిగిన లోపలి ముఖము, దాని కడుపనవచ్చును, నొక్కుకొనవలెను. ఒకే బద్ద ఒక ప్రక్క సాగుచు, రెండవ ప్రక్క కుదించుకొనుచు, వదలినతోడనే మొదటి రూపునకు రావలెను. వీపున ఒక్క పోగు తెగిన చాలును, అక్కడ మొదలైన చీలిక వింటి నడుముదాక పోవును. కనుక చెట్టు వెలుపలి పొరయే వింటికి వీపు కావలెను. అక్కడ పోగులు తెగకుండ చెట్టు తానే పేర్చిపెట్టినది. కత్తి పని యంతయు కడుపువైపునే.

ఇషీ తన వింటికి జూనిపర్ అను కొండచెట్టు కొమ్మను ఎన్నుకొనెను. కొమ్మను నిలువుగా చీల్చి, బెరడు క్రింది లేతకఱ్ఱతో కూడిన వెలుపలి పొరను తీసికొనెను. నడిమి చేవను మాత్రమే కోరలేదు. లేతకఱ్ఱకు సాగు గుణము, చేవకు నొక్కుడు నోర్చు గుణము కలవు. అతనికి కొలబద్ద లేదు. ఎడమచేతిని భుజము మట్టమున ప్రక్కకు చాచి, ఆ చేతినుండి కుడి తుంటివరకు ఎంత యుండునో అంతయే విల్లు. పోప్ కొలచి చూడగా అది 42 అంగుళములు. జానతో, మూరతో, బారతో కొలచు పల్లెవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఎవరి విల్లు వారి యొంటికి సరిపోవును.

వింటి వెడల్పు అంతటను ఒక్కటి కాదు. పిడికిలి పట్టు చోట ఒకటింబావు అంగుళము. ఒక్కొక్క రెక్క నడుమ రెండంగుళములవరకు పెరిగి, మరల కొనలకు సన్నగించును. రెక్క మందము అర అంగుళము. ఈ రూపును ఇషీ గీకి గీకి, ఇసుకరాతిపై రుద్ది రుద్ది తెచ్చెను. ఇక్కడనే పనివాని చేయి తెలియును. రెండు రెక్కలును సమముగా వంగవలెను. ఒకచోట కఱ్ఱ ఎక్కువ పోయిన, బరువంతయు ఆ బలహీనపు చోటికి వచ్చి, విల్లు అక్కడనే మడతపడి విరుగును. మందమైన చోట ఇంకను తీయవచ్చును. పలుచనైన చోట మరల అతుకరాదు. కనుక గీకుట కొంచెము, వంచి చూచుట ఎక్కువ. కొత్తవాడు తొందరపడి ఈ లెక్కను తలక్రిందులు చేయును.

కొనలను వేడిరాతిపై వంచి వెనుకకు తిప్పి, వేరొక కఱ్ఱకు త్రాళ్లతో బిగించి, చీకటిగా పొడిగా నున్న చోట ఇషీ దాచిపెట్టెను. ఆ యారుట కొన్ని మాసములు మొదలు కొన్ని ఏండ్లవరకు పట్టును. ఇంత జాగు ఎందులకందురా? పచ్చికఱ్ఱ వంగిన వంగినట్లే నిలుచును. దానికి తిరిగి లేచు పొగరు ఉండదు. తొందరపడి పచ్చికఱ్ఱకు నారి కట్టినవాడు విల్లు గాక ఊతకఱ్ఱ సంపాదించును.

ఆరిన తరువాత అసలైన నేర్పరితనము. జూనిపర్ ఒంటరిగా అంత లాగుడునకు ఓర్వదు. అందుచేత ఇషీ దాని వీపునకు స్నాయువును, అనగా లేడి కాలిలో కండను ఎముకకు పట్టి యుంచు తెల్లని నారవంటి దానిని, అతికించెను. సాల్మన్ చేప తోలును ఉడికించి జిగురు చేసి, గరుకు చేసిన వీపున పూసి ఆరనిచ్చెను. స్నాయువును నోట నమలి నమలి మెత్తబరచి, పోగులు విడదీసి, ఒకదాని కొన పైన మరియొకటి వచ్చునట్లు వీపునిండ దట్టముగా పరచెను. తరువాత విల్లో చెట్టు బెరడు పట్టీలతో కట్టు కట్టెను. కొన్ని దినములకు కట్టు విప్పి, అంచులు నున్నచేసి, మరల జిగురు పూసి, ఇసుకరాతితో రుద్దెను. స్నాయువు ఆరుచు కుదించుకొనును. నారి కట్టకముందే విల్లు ముందుకు బిగిసి యుండును. పిడికిలి చోట నాలుగంగుళముల మేర లేడితోలు పట్టీ చుట్టెను. నారి కూడ స్నాయువుదే. సన్నని పోగులు నమలి పురిపెట్టి, ఒక కొనను ఉచ్చు వేసి యారబెట్టెను. దానిని లాగుటకు 40 పౌనులకు అటునిటుగా బలము కావలెను. నమలుట అసహ్యమని తోచవచ్చును గాని, వేడియు తడియు ఒక్కమారుగా నిచ్చి, పోగు తెగకుండ మెత్తబరచు పనిముట్టు అడవిలో వేరే ఏమున్నది?

నగరములోని కొత్త పరికరములను ఇషీ వెలివేయలేదు. ఇనుప పనిముట్లను సంతోషముతో వాడెను. అడవిలో అగ్నిపర్వతపు గాజురాతితో చేయు బాణపు మొనలను ఇక్కడ సీసాపెంకులతోను చేసెను. లేడికొమ్ము మొనతో పెంకు అంచును నొక్కుచు, రేకు వెంట రేకుగా ఊడదీయుచుండగా, జనులు ఊపిరి బిగబట్టి చూచెడివారు. బాణపు కఱ్ఱలను నిప్పుసెగపై కాచి సరిచేసెను. పాతది కాబట్టి పవిత్రమనియు, కొత్తది కాబట్టి గొప్పదనియు అతడు తలచినట్లు కానరాదు. పనికి వచ్చినది వాడెను.

వింటిని గూర్చి అతనికి కొన్ని నియమములు కలవు. నారి కట్టిన వింటిని ఊరక యుంచిన అది అలసిపోవును, నిలువబెట్టిన చెమర్చును. పని లేనపుడు దానిని పండుకొనబెట్టవలెను. దానిని ఎవ్వరును దాటరాదు. పిల్లలును, స్త్రీలును తాకరాదు. కడపటి మాటను నేడు ఎవరును మన్నింప నక్కర లేదు. మొదటి మాటలో మాత్రము పనివాని యనుభవ మున్నది. గంటల తరబడి వంగి యున్న కఱ్ఱ బలము తగ్గును. దానిని అలసట యనక మరేమందురు? తీరిక సమయమున ఇషీ వింటి పైకొనను నోట పట్టి, నారిని బాణముతో మీటి, సన్నని నాదము పలికించెడివాడు. ఆ నాదముతో తన వారి కథ నొకదానిని పాడెనని పోప్ వ్రాసెను.

వేయుటలో ఇషీ పద్ధతి వేరు. వింటిని ఇంచుమించు అడ్డముగా పట్టి, గొంతుకూర్చుండి, బొటనవ్రేలితో నారిని లాగును. గుండ్రని గుఱిపలకపై అతని కంటె పోప్ మిత్రులే మిన్నగా కొట్టిరి. పొదలోని చిన్నజంతువును కొట్టుటలో ఎవ్వరును అతనికి సాటి రాలేదు. గుఱిపలక తినుటకు పనికిరాదు కదా! 1914 మే మాసమున క్రోబర్, వాటర్‌మన్, పోప్, పోప్ కుమారుడు అతనిని వెంటబెట్టుకొని డీర్ క్రీక్ లోయకు పోయిరి. మొదట ఇషీకి ఆ ప్రయాణము ఇష్టము లేకుండెను. పోయిన తరువాత తన వారి పాత నివాసములను, దారులను, వేట తావులను చూపి, వానికి పేర్లు చెప్పెను. వారు పటములు వ్రాసికొనిరి.

లోయలో 50 ఏండ్లు బ్రదికిన శరీరమునకు నగరపు జబ్బులు కొత్త. ఇషీ క్షయ బారిన పడెను. చికిత్స చేసినవాడు పోప్. 1916 మార్చి 25వ తేదీన ఇషీ మరణించెను. యాహీ భాష తెలిసిన కడపటివాడును, ఆ రీతి విల్లు చెక్క నెరిగిన కడపటి యాహీయు అతడే. మిత్రులు అతని శవముతో పాటు ఒక విల్లు, అయిదు బాణములు, ఓక్ కాయల పిండి గల బుట్ట, గవ్వల సొమ్ము, కొంత పొగాకు ఉంచి దహనము చేయించిరి. అస్థికలను కోల్మా శ్మశానవాటికలో ఒక మట్టికుండలో భద్రపరచిరి. ఒక్క మాట జరుగరానిది జరిగెను. యాహీ యాచారమున దేహమును కోయరాదు. న్యూయార్క్‌లో నున్న క్రోబర్ కోయవలదని జాబు వ్రాసెను గాని, అది చేరునప్పటికే శవపరీక్ష జరిగిపోయెను. మెదడు వేరు చేయబడెను. తరువాత దానిని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు పంపినది ఆ క్రోబరే. పండితుల స్నేహమునకు కూడ హద్దులు కలవనుటకు ఇంతకంటె దుఃఖకరమైన సాక్ష్యము లేదు.

పోప్ నేర్చిన దానిని తనతోనే ఉంచుకొనలేదు. 1918లో ‘యాహీ ధనుర్విద్య’ అను గ్రంథమును విశ్వవిద్యాలయము ప్రచురించెను. పైని చెప్పిన కొలతలు, జిగురు, నమలిన స్నాయువు, బెరడు కట్టు అన్నియు అందున్నవి. అటుపై విల్ కాంప్టన్, ఆర్థర్ యంగ్ అను మిత్రులతో గూడి, ఇంగ్లండు పద్ధతిని యూ చెట్టు కఱ్ఱతో ఆరడుగుల పొడుగు విండ్లు చేయ నేర్చి, 1923లో విల్లు చేయు విధానమును అధ్యాయములుగా వ్రాసి సామాన్య పాఠకుల కందించెను. ఆ పుస్తకము చదివి తమ తొలి విల్లు చెక్కినవారు అమెరికాలో అనేకులు.

ఇంగ్లండు కథ ఇందుకు సరిపోల్చదగినది. అచట రోజర్ ఆస్కమ్ అను పండితుడు 1545లోనే ధనుర్విద్యపై ఇంగ్లీషున పుస్తకము వ్రాసెను. వేయుటను గూర్చి అందు చాల కలదు. చెక్కుటను గూర్చి మాత్రము, ఆ పని చేయువారు తమ వృత్తిని తా మెరుగుదురని, ఆయన విస్తరింపలేదు. ఆ వృత్తివారు క్రమముగా తగ్గిపోయిరి. అదే 1545లో సముద్రమున మునిగిన మేరీ రోజ్ అను యుద్ధనౌక శిథిలములనుండి, 1982 నాటికి, నూటికి పైగా యూ కఱ్ఱ విండ్లు బయటపడినవి. అవి చేతికి చిక్కిన తరువాతనే నాటి విండ్ల మందము, బలము సరిగా తేలినవి. పుస్తకము విడిచిన దానిని సముద్రపు బురద దాచియుంచినది. ఇషీ విషయమున అట్లు కాలేదు. చెక్కునప్పుడే ప్రక్కన ఒకడు కూర్చుండి వ్రాసికొనెను.

పోప్ 1926లో మరణించెను. ఇషీ జీవితమును థియడోరా క్రోబర్ 1961లో గ్రంథముగా వ్రాయగా, లోకమంతయు చదివెను. అతడు చేసిన వస్తువులు బర్క్లీలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో నేటికిని కలవు. 2000 సంవత్సరమున, యానా సంతతివారు గల రెడ్డింగ్ రాంచెరియా, పిట్ రివర్ తెగలవారు మెదడును, అస్థికలను తీసికొని పోయి, తమ యాచారము ప్రకారము, చోటు ఎవరికిని చెప్పకుండ, ఇషీ పుట్టిన సీమలోనే భూస్థాపితము చేసిరి. అతనితో కాలిపోయిన విల్లు ఎంత యుండునో పోప్ పుస్తకము తెరచినవారికి తెలియును: చాచిన చేతినుండి ఎదుటి తుంటివరకు.